ఆడిట్ జవాబులు

ఆ వేసవిలో కెనడాలోని హాలిఫాక్స్‌లో నేను ఎవరికీ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అబద్ధం ఆడినవాళ్ళకి తమ సిగ్గు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. నాకు అదీ లేదు.

ఊరు విద్యార్థులతో నిండిపోయిన సంవత్సరం అది. మూడు పడకగదుల ఇంట్లో ఎనిమిదిమంది ఆడపిల్లలం ఉండేవాళ్ళం. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఖాళీ ఉందని తెలిస్తే చాలు, రెజ్యూమెలు పట్టుకున్న వరస వీధి మలుపు దాకా సాగేది. అందులో సగం మాటలు తెలుగులోనే వినిపించేవి. అలాంటి వేసవిలో నాకు ఆఫీసులో కుర్చీ దొరికింది. చేపలూ లాబ్‌స్టర్లూ రొయ్యలూ ప్యాక్ చేసి సూపర్‌మార్కెట్లకి పంపే కంపెనీ అది. నా ఎకనామిక్స్ కోర్సు చివర నాలుగు నెలలు ఏదో ఒక సంస్థలో పనిచేయాలి. ఆ పని అక్కడ దొరికింది.

ఎలా దొరికిందో రూపకి అర్థం కాలేదు. రూప నా రూమ్మేట్, భీమవరం అమ్మాయి. ఆ వారమే ఆమె పదహారు షాపులు తిరిగి వచ్చి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఇంటర్వ్యూలో ఏమడిగారే?"

"రొయ్యల గురించి ఏం తెలుసు అన్నారు. మా ఇంట్లో అదే పని అన్నాను."

"ఓ, మీకూ రొయ్యలేనా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం. మా నాన్నకి ఇరవై ఎకరాల చెరువులు. మీకెంత?"

"మాకంత లేదు."

"ఎంతున్నా టెన్షన్ ఒకటేలే," అంది రూప, నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నంత దయగా. "చెరువులో వైరస్ పడిందంటే మా నాన్న అన్నం ముట్టుకోడు. మీ నాన్న కూడా అంతేనా?"

"నాన్న లేరు. అమ్మే చూసుకుంటుంది."

మా అమ్మ రత్నకుమారి కాకినాడ వైపు ఒక షెడ్డులో రొయ్యల పొట్టు తీస్తుంది. తెల్లవారకముందే వ్యాను ఎక్కి వెళ్తుంది, మంచుగడ్డలు తేలే నీళ్ళ ముందు నిలబడి పనిచేస్తుంది. ఇంటర్ అయిన వేసవిలో నేనూ ఆమె పక్కన నిలబడ్డాను. సాయంత్రానికి వేళ్ళు నాని తెల్లబడేవి, అన్నం కలుపుతుంటే మెతుకు తగిలినా మండేవి. కాబట్టి మా ఇంట్లో అదే పని అన్నది నిజం. మాకంత లేదన్నదీ నిజం. అమ్మే చూసుకుంటుందన్నది అన్నిటికంటే నిజం. నిజాన్ని ఎదుటివాళ్ళకి నచ్చే ముక్కగా కోసి ఇవ్వడం నాకు అప్పటికే బాగా చేతనయింది.

కంపెనీలో నా పై అధికారి మహీధర్ గారు. హైదరాబాద్‌లో చదివి, టెక్సస్‌లో పదేళ్ళు చేసి, ఇక్కడికి వచ్చారు. బయటి దేశాల్లో ప్లాంట్లు పెట్టే విభాగం ఆయన చేతిలో ఉంది. ఆ ఏడాది కంపెనీ ఆసియాలో ఒక ప్లాంటు పెట్టాలనుకుంది. ఆంధ్ర తీరమా, వియత్నామా అన్నది ఆగస్టులో బోర్డు తేల్చాలి. అందుకు కావలసిన లెక్కలన్నీ వెతికి పెట్టడం నా పని.

నేను పుస్తకంలో చదివినవన్నీ వరసగా పెట్టుకుని వెళ్ళాను. పోర్టు ఎంత దూరం, కరెంటు ఎన్నిసార్లు పోతుంది, పన్ను ఎన్నేళ్ళు మాఫీ చేస్తారు, రూపాయి నిలబడుతుందా, ప్రభుత్వం మారితే పాత ఒప్పందం చెల్లుతుందా, కూలి ఎంత. ఆయన చూసి నవ్వారు.

"బాగానే చేశావు. కానీ దేవిశ్రీ, ఇప్పుడు టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టు. ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ అంటే ఏంటో తెలుసా? పరాయి ఊరికి వెళ్ళడానికి భయపడే పిల్లాడు. పోర్టు, కరెంటు, ట్యాక్స్ హాలిడే, ఇవన్నీ వాడి భయం తీర్చడానికి."

"మరి కూలి తక్కువ అన్నదండీ?"

"అది లడ్డూ. లడ్డూ చూపిస్తే వాడు బయల్దేరతాడు. కానీ భయం తీరితేనే బస్సు దిగుతాడు. మనం కనుక్కోవాల్సింది ఒక్కటే, ఈ పిల్లాడి భయం ఏంటి?"

నాకు ఆయన మాటలు నచ్చేవి. ఆయన నన్ను తనతో సమానంగా కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఒకరోజు ఫెర్రీలో హార్బర్ దాటుతుంటే రెయిలింగ్ దగ్గర నిలబడి, సాధారణమైన విషయం చెప్పినట్టు చెప్పారు. "ప్రాజెక్టు మనవైపు వస్తే నిన్ను పర్మనెంట్ చేసేస్తా. ఫుల్ టైమ్, ఆఫర్ లెటర్, నువ్వు ఇక్కడే స్థిరపడటానికి పీఆర్‌కి కావలసిన పేపర్లన్నీ. వియత్నాం వెళ్ళిందనుకో, వియత్నామీస్ వచ్చిన పిల్లని వెతుక్కోవాలి. నేనేం చేయలేను."

ఆ ఆదివారం అమ్మకి ఫోన్లో అదే చెప్పాను. మనవైపు కంపెనీ పెడితే నాకు ఇక్కడ ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు అని.

"మనవైపంటే ఎక్కడే?"

"కాకినాడ చుట్టుపక్కలే. ఇంకా తేలలేదు."

అమ్మ, "రానీ," అంది. ఎవరినో లోపలికి రమ్మన్నట్టు.

జులై మధ్యకి రెండు దేశాలూ సమానంగా వచ్చి నిలబడ్డాయి. వియత్నాంకి మంచి పోర్టులున్నాయి, ఏ దేశంతో పడితే ఆ దేశంతో వాణిజ్య ఒప్పందాలున్నాయి. మాకు చెరువులు దగ్గర, కూలి తక్కువ, కరెంటు రాయితీ ఉంది. మహీధర్ గారు చెప్పిన పిల్లాడి భయం ఏమిటో అప్పుడు బయటపడింది. ఆ భయం జూడిత్‌ది. ఆమె వైస్ ప్రెసిడెంటు, బోర్డు ఆమె మాట వింటుంది. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి, నా పేరు సరిగ్గా పలకడానికి మూడుసార్లు అడిగి నేర్చుకుంది. ఇంకో దేశంలో ఇంకో కంపెనీ షెడ్డు గురించి పత్రికలో ఫొటోలు వస్తే సూపర్‌మార్కెట్లన్నీ ఒక్క వారంలో కొనడం మానేశాయట. అలాంటిది తన చేతుల మీదుగా జరగకూడదని ఆమె పట్టుదల.

"కాగితాలు చాలా చూశాను," అంది జూడిత్ మీటింగులో. "పనిచేసేవాళ్ళ మొహం చూడాలి. వాళ్ళతో మాట్లాడాలి."

మహీధర్ గారు నావైపు తిరిగి తెలుగులో అడిగారు. "మీ వైపు తెలిసిన షెడ్డు ఏదైనా ఉందా? ఓ నలుగురితో వీడియో కాల్ పెట్టించగలవా?"

"ఒకటుందండీ," అన్నాను, వెంటనే.

అమ్మ పనిచేసే షెడ్డు పేరే ఎందుకు చెప్పానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వేరే పేర్లు తెలియక కాదు. మా వీధి చివర నుంచే నాలుగు షెడ్ల వ్యాన్లు వెళ్తాయి. ఏదైనా దాచుకున్నవాళ్ళ చేయి మాటిమాటికీ ఆ చోటుకే వెళ్ళి తడుముతుంది కాబోలు. అక్కడ నాలుగొందల మంది ఆడవాళ్ళు పనిచేస్తారు, కుర్రపిల్లల్ని కూర్చోబెడతారు గానీ అమ్మలాంటి వాళ్ళని ఎందుకు పిలుస్తారు, అని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మకి మాత్రం కాల్ సంగతి చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది.

ఆ ఉదయం హార్బర్ మీద పొగమంచు ఇంకా విడలేదు. కాన్ఫరెన్స్ గదిలో పెద్ద తెర ముందు జూడిత్ మధ్యలో, అటు మహీధర్ గారు, ఇటు నేను కూర్చున్నాం. అక్కడ సాయంత్రం. షెడ్డు ఆఫీసులో, నేను ఊరు వదిలాక వచ్చిన కొత్త సూపర్వైజరు వీరభద్రం ఇస్త్రీ చొక్కాతో కనిపించాడు. ముందు ఒక చిన్నమ్మాయి వచ్చి కూర్చుంది. ఏమడిగినా నవ్వి తల వంచుకుంది.

"కొత్తమ్మాయండి, సిగ్గండి," అన్నాడు వీరభద్రం. "ఇప్పుడు మా సీనియర్ని పిలుస్తానండి. ఎవరొచ్చినా ఈవిడే మాట్లాడతారండి."

అమ్మ వచ్చి కూర్చుంది.

నీలం టోపీ, మడతల గీతలు ఇంకా పోని తెల్ల ఏప్రాన్, మోచేతుల దాకా కొత్త గ్లౌజులు. తల ఎత్తి తెర చూసింది. నన్ను చూసింది. పెదవులు కొంచెం విడిపోయాయి. నేను చేతిలో పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాను. ఆమె రెండు చేతులూ మోకాళ్ళ మీద సర్దుకుంది.

"నమస్కారమండి మేడమ్ గారూ," అంది.

నాతోనే అంది. ఆ 'గారూ' చివర ఆమె గొంతు ఎప్పుడూ నాతో మాట్లాడే గొంతు కాదు.

జూడిత్ నమస్కారం పెట్టి, రోజుకి ఎన్ని గంటలు పని అని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"ఎనిమిది గంటలేనండి. ఎక్కువ చేస్తే ఎక్కువ ఇస్తారండి. బలవంతం లేదండి."

ఆ జవాబు నాకు తెలుసు. తర్వాతి జవాబు కూడా తెలుసు. విదేశాల నుంచి ఆడిట్ వాళ్ళు వస్తున్నారంటే ముందురోజు సాయంత్రం షెడ్డులో అందరికీ జవాబులు నేర్పుతారు. ఆ రాత్రి అమ్మ పొయ్యి ముందు కూర్చుని వల్లె వేసేది. నేను ఇంటర్ పుస్తకం పక్కన పెట్టి ఆడిట్ దొరలా ప్రశ్నలు వేసేదాన్ని. తప్పు చెబితే దిద్దేదాన్ని. 'బలవంతం లేదు' అన్నది చివర్లో చెప్పాలి, మర్చిపోకు, అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు అవే ప్రశ్నలు మళ్ళీ నా నోటి నుంచి వస్తున్నాయి, ఆమె ఒక్కటీ తప్పు పోకుండా అప్పజెబుతోంది.

"గ్లౌజులు ఇస్తారా?"

"ఇస్తారండి. పాడైతే మళ్ళీ ఇస్తారండి."

"తాగే నీళ్ళు, బాత్రూము?"

"ఎప్పుడడిగితే అప్పుడు పంపుతారండి."

"ఏమైనా ఇబ్బంది ఉంటే ఎవరికి చెబుతారు?"

"ఇబ్బందేం లేదండి. ఉంటే సార్‌కి చెబుతామండి. సార్ మంచోరండి."

నేను ఒక్కో జవాబునీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. చెవులు కాలిపోతున్నాయి గానీ గొంతు మాత్రం తొణకలేదు. ఆ గొంతు విని నాకే భయమేసింది.

అప్పుడు జూడిత్, ఎవరూ నేర్పని ప్రశ్న అడిగింది. ముందుకు వంగి, ప్రేమగా. "మీకు పిల్లలున్నారా? ఏం చేస్తున్నారు?"

నేను తెలుగులో అడిగాను. "మీకు పిల్లలున్నారా అండీ?"

అమ్మ నా కళ్ళలోకి చూసింది.

"ఒక అమ్మాయండి. హైదరాబాదులో చదువుకుంటోందండి."

షెడ్డులో అందరికీ అలాగే చెప్పిందని నాకు తెలుసు. కూతురు కెనడాలో ఉంటే నీకీ పనేం ఖర్మ అంటారని, అసలు చెప్పడం మానేసింది. "ఒక కూతురు ఉందట, చదువుకుంటోందట," అని నేను జూడిత్‌కి చెప్పాను.

"ఇక్కడ మంచి ప్లాంటు వస్తే, మీ అమ్మాయి అందులో పనిచేయడం మీకు ఇష్టమేనా?"

అమ్మ గ్లౌజు వేళ్ళ చివర్లు లాగి సర్దుకుంది.

"దానికి ఈ పని రాదండి," అంది.

నాకు ఆ పని నేర్పింది ఆమే. తల ఎలా తుంచాలో, నరం తెగకుండా ఒక్క లాగుడులో ఎలా తీయాలో. నేను జూడిత్ వైపు తిరిగి, కూతురికి వేరే ఆశలున్నాయంటోంది, అని చెప్పాను. జూడిత్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఈవిడలో ఎంత హుందాతనం ఉందో చూడండి, అంది మహీధర్ గారితో.

తెర ఆరిపోయాక జూడిత్ వెళ్ళిపోయింది. మహీధర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"హైదరాబాద్ అన్న ముక్క వదిలేశావేం?"

"అవసరం లేదనిపించిందండీ."

"పర్లేదులే. ఆవిడ చెప్పినవన్నీ బట్టీ పట్టినవని తెలుస్తోంది కదా నీకు? నాకూ తెలుసు. రేపు వియత్నాం వాళ్ళని పిలిచినా ఇవే చెబుతారు. కానీ ఆవిడ చెప్పిన పద్ధతి ఉంది చూడు. భయం తీర్చేసింది. ప్లాంటు వస్తే అలాంటోళ్ళని నలుగురిని దగ్గర పెట్టుకోవాలి."

"అవునండీ," అన్నాను. పొగడ్త విన్నప్పుడు నా మొహంలో కదిలేదేదో కదిలింది. ఆమె నా తల్లి అన్న మాట గొంతులో ఉంది. అది బయటికి వస్తే ఇప్పటిదాకా చెప్పిన అనువాదమంతా ఏమవుతుంది, జూడిత్ ఏమంటుంది, ఆఫర్ లెటర్ ఏమవుతుంది అని బుర్ర తనంతట తాను లెక్క వేసుకుపోయింది. నా మీద నాకు అసహ్యం వేసేలోపే లెక్క పూర్తయింది.

మధ్యాహ్నం భోజనం వేళ హార్బర్ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"బాగా చెప్పేనా?" అంది అమ్మ.

నేను లంచ్ డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

"ఏమ్మా, ఎక్కడైనా తప్పుపోయేనా? నిన్ను చూసేసరికి గుండె ఝల్లుమందే. అమ్మలూ అని నోటిదాకా వచ్చేసింది. నీ పక్కన దొరసాని కూర్చునుంది కదా, మింగేశాను. ఇంతకీ జుట్టు అంత పొట్టిగా కత్తిరించేసుకున్నావేంటే?"

"మొన్న... ఇక్కడ ఎండాకాలం కదా అని."

"చలిదేశంలో ఎండాకాలమేంటో. బాగానే ఉందిలే, ఆఫీసరమ్మలా." ఆమె నవ్వింది. "నేనొక మాట అంటుంటే దాన్నే నువ్వు ఇంగ్లీషులో చెబుతున్నావు కదా, ఎంత బాగుందో తెలుసా? నా మాట ఇంగ్లీషులో వినడం నాకదే మొదలు."

"అమ్మా, బాత్రూముకి అడిగినప్పుడు పంపుతారన్నావు. ఎనిమిది గంటలే అన్నావు."

"మరేం చెప్పమన్నావు?"

"ఏమో. నిజం."

"నిజం చెబితే మీ కంపెనీ వస్తుందా?" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అది వస్తేనే నీకు ఉద్యోగమని నువ్వే కదే అన్నావు."

నీళ్ళ మీద ఫెర్రీ అవతలి ఒడ్డు నుంచి బయల్దేరింది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను. పెట్టుబడి ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నకి నేను రెండేళ్ళు చదివి, వేసవంతా లెక్కలు వేశాను. అమ్మ ఒక్క సాయంత్రం ఎవరూ అడక్కుండా తన నోరు కట్టేసుకుని దాన్ని రప్పించింది. ఆ సంగతి ఏ లెక్కలోనూ ఎక్కదు. ఎక్కించమని నేనూ ఎవరినీ అడగలేదు.

ఆగస్టు చివర్లో బోర్డు ఆంధ్ర తీరాన్ని ఎంచుకుంది. ఆఫీసులో కేకు కోశారు. మొదటి ముక్క నాకు ఇమ్మని జూడిత్ చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి రూప గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకి ఇంకా ఎక్కడా పని దొరకలేదు.

"ఆఫర్ లెటర్ వచ్చిందటగా. పార్టీ ఎప్పుడు?" అంది. "మా నాన్నకి చెప్పాను. మీ కంపెనీకి మా చెరువు రొయ్యలు కూడా తీసుకుంటారేమో కనుక్కోమన్నారు. మీ అమ్మగారు కూడా మీకే అమ్ముతారేమో కదా ఇక?"

"చూడాలి," అన్నాను.

"నీకేమే, పెట్టి పుట్టావు," అంది రూప. ఆమె మాటలో అసూయ కంటే అలసట ఎక్కువగా ఉంది. ఆ అలసటకి నేను ఒక చిన్న నిజం బాకీ పడ్డట్టు అనిపించింది. ఇవ్వలేదు. బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను.

సెప్టెంబరులో గాలి మారింది. ప్లాంటు ఒప్పందం మీద సంతకాలు పెట్టేముందు షెడ్డు చూడటానికి ముగ్గురం వెళ్ళాలని నిర్ణయమైంది. జూడిత్, మహీధర్ గారు, మాట మార్చి చెప్పడానికి నేను. వీడియోలో చూసిన ఆవిడని తప్పకుండా కలవాలి, ఆమె చేయి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాలి, అంది జూడిత్.

ఆదివారం అమ్మకి చెప్పాను.

"నువ్వొస్తున్నావా?" ఆమె గొంతు ఒక్కసారి పైకి లేచింది. "ఎన్నాళ్ళైందే నిన్ను చూసి. ఎన్నిరోజులు ఉంటావు?"

"రెండు రోజులు. ఒకరోజంతా షెడ్డులోనే."

"ఓ. షెడ్డుకా." తర్వాత ఏవో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆగింది. "దొరసాని కూడా వస్తుందా?"

"వస్తుంది. నిన్ను చూడాలంటోంది."

"అయితే ఆ రోజు నన్ను పనికి రమ్మంటావా, మానేయమంటావా?"

ఏమడుగుతోందో నాకు అర్థమైంది. వస్తే మళ్ళీ కొత్త గ్లౌజులు తొడుక్కుని, నా ఎదురుగా నిలబడి, మేడమ్ గారూ అనాలి. పనికి రా, అందరి ముందూ ఈవిడ మా అమ్మ అని చెబుతాను. ఆ వాక్యం నా దగ్గర తయారుగా ఉంది. అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి తీసుకున్నాను కూడా.

"నీ ఇష్టమమ్మా," అన్నాను.

అవతల గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

"మానేస్తాలే," అంది అమ్మ తేలిగ్గా. "ఎలాగూ నడుం నొప్పిగా ఉంటోంది. జ్వరమని కబురు పెడతాను. మీ పనైపోయాక నువ్వు ఇంటికి రా. చీకటి పడ్డాకైనా పర్లేదు."